నేలమాళిగలో శుక్రవారాలు

ముందు ఆ చల్లదనం రాసుకో. మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మద్రాసు టి. నగర్‌లో ఎండాకాలం మధ్యాహ్నం ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. జనం భుజాలు రాసుకుంటూ నడుస్తుంటారు. ఆ జనంలోంచి మా బ్యాంకు గాజు తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఎడమవైపు మెట్లు దిగితే, చల్లదనం మొదట చీలమండలకి తగిలేది. తరవాత మోకాళ్ళకి, తరవాత నడుముకి. నీళ్ళలోకి దిగుతున్నట్టే ఉండేది. చివరి మెట్టు దిగేసరికి బయటి హారన్లూ, చీరల కొట్ల ముందు నిలబడి పిలిచేవాళ్ళ కేకలూ ఎక్కడో నీటి పైన ఉండిపోయేవి. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే నేను దిగేది ఆ మెట్లే. కలలో వాటికి చివర ఉండదు. దిగుతూనే ఉంటాను. భయం మాత్రం వెయ్యదు.

"అవ్వా, ఫస్ట్ బ్యాంకు పేరు చెప్పు. చదివేవాళ్ళకి తెలియొద్దా?"

పేరెందుకే. ఆ పేరు ఇప్పుడు లేదు, ఇంకో పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. చిన్న బ్యాంకు అని రాయి, చాలు. కొన్ని వ్యాపార కుటుంబాలు కలిసి, తమ డబ్బు తమని ఎరిగినవాళ్ళ దగ్గరే ఉండాలని పెట్టుకున్న బ్యాంకు. తోళ్ళ వ్యాపారులు, రేవులో సరుకు దించేవాళ్ళు, అంబత్తూరులో ఫ్యాక్టరీలున్నవాళ్ళు, బంగళాలూ తోటలూ ఉన్నవాళ్ళు. వాళ్ళెవరూ లైన్లో నిలబడేవాళ్ళు కాదు. మేనేజరు లేచి ఎదురెళ్ళి, "మీ చెల్లెలుగారి మోకాలు ఎలా ఉందండీ" అని అడిగాకే మిగతా మాటలు. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకాయన మర్యాదకని పింగాణీ కప్పుల్లో కాఫీ ఇప్పించాడు. ఒక తోళ్ళ వ్యాపారి ఆ కప్పుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం సార్, దీంట్లో ఆరబోసేది ఎట్ల? మూతి కాల్చి పంపిద్దామనా?" అన్నాడు. మర్నాటి నుంచి మళ్ళీ గ్లాసూ డవరా వచ్చేశాయి.

నా పని పైన కాదు, కింద. లాకర్లుండే నేలమాళిగలో. చేపల రేవు పక్కనున్న రాయపురం నుంచి బస్సులు మారి వచ్చేదాన్ని. కొంగుకి చేపల వాసన అంటుకుందేమోనని మెట్లు దిగే ముందు ఒకసారి ముక్కు దగ్గర పెట్టి చూసుకునేదాన్ని. అంటుకునేది కాదు. కానీ ఆ భయం చివరిదాకా పోలేదు.

లాకరంటే నీకు తెలుసు. దానికి రెండు తాళంచెవులు. ఒకటి వాళ్ళది, ఒకటి బ్యాంకుది. బ్యాంకు తాళంచెవి నా నడుముకి వేలాడేది. ముందు నాది తిప్పితే గానీ వాళ్ళది తిరగదు. నాది తిప్పేశాక నేను వెనక్కి తిరిగి, అవతలికి వచ్చి నిలబడాలి. పెట్టెలో ఏముందో చూడకూడదు. ఆ ఉద్యోగంలో నాకు మొదటిరోజు చెప్పిన మాట అదే, ఆ తరవాత ఇంకేమీ చెప్పలేదు కూడా. అందుకని అన్నేళ్ళూ నేను ఆ నగల్ని చూడలేదు. విన్నాను.

నవ్వకు, రాయి. కాసులపేరు బల్ల మీద పెడితే పెంకుల మీద వాన మొదలైనట్టుంటుంది. గాజులు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ముత్యాలు పెద్దగా మాట్లాడవు, చేటలో బియ్యం జారినట్టు జారతాయి. వజ్రాలకి చప్పుడే లేదు. అవి బయటికొచ్చాయని ఎలా తెలిసేదంటే, అవతల మనిషి ఊపిరి ఒక్క క్షణం ఆగేది. పెట్టె మూత తీయగానే ఒక్కో ఇంటి వాసన వచ్చేది. ఒకరిది కర్పూరం, ఒకరిది గంధం, ఒకరిది పాత పట్టుచీర మడతల్లో ఉండే వాసన. ఆ ఇళ్ళన్నీ నేను ఎప్పుడూ చూడని ఇళ్ళు. కానీ కళ్ళు మూసుకుంటే వాటి వసారాల్లో తిరిగేదాన్ని.

సాయంత్రం ఇంటికెళితే మీ తాత అడిగేవారు.

"ఈ పొద్దు ఏం చూసినావు?"

"ఏమీ చూళ్ళా."

"సరే, ఏం వినినావు?"

ఆయనది అంబత్తూరు ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర పని. మిషను చెడిపోయే ముందు దాని గొంతు మారుతుందని చెప్పేవారు. ఇద్దరం చెవులతో బతికేవాళ్ళం. అన్నం తింటూ నేను బంగారం చప్పుళ్ళు చెప్పేదాన్ని, ఆయన ఇనుము చప్పుళ్ళు చెప్పేవారు. మీ అమ్మ మధ్యలో కూర్చుని, "మీకు వేరే మాటలే లేవా" అని విసుక్కునేది.

ఆ బ్యాంకులో తప్ప ఇంకెక్కడా లేనిది ఒకటుండేది. లాకర్ల పక్కన అద్దం గది. బ్యాంకు పెట్టిన పెద్దాయన భార్య పట్టుబట్టి కట్టించిందట. నిలువుటద్దం, ఒక బల్ల, దాని మీద ఎర్ర మఖమల్ గుడ్డ, దువ్వెన, పిన్నీసుల డబ్బా, తలుపు బదులు మందపాటి తెర. ముహూర్తాల రోజుల్లో ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, బోసి మెడలతో వచ్చేవాళ్ళు. ఇక్కడ నగలన్నీ పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డ నన్ను దాటుకుని, కారెక్కి నేరుగా కల్యాణ మండపానికి వెళ్ళేవాళ్ళు. బ్యాంకు మూసేలోగా తలలో అక్షింతలతోనే తిరిగొచ్చి, అన్నీ తీసి పెట్టెలో పెట్టి, మళ్ళీ బోసి మెడలతో ఇంటికి. నగ ఒక్క రాత్రి కూడా ఇంట్లో నిద్రపోకూడదని వాళ్ళ భయం. పెళ్ళి భోజనం వాసన, తమలపాకుల వాసన కిందికి మోసుకొచ్చేవాళ్ళు. నేను ఎన్ని పెళ్ళిళ్ళకి పిలవకుండానే వెళ్ళానో.

ఆ తెర వెనక వదినా మరదళ్ళ మాటలు వినాలి నువ్వు.

"ఆ నెక్లెసు నీకెందుకు వదినా? అది కనపడాలంటే ముహూర్తం అయ్యేదాకా గడ్డం పైకెత్తుకోనుండాల నువ్వు."

"నా గడ్డం సంగతి నాకు తెలుసులే. నీ వడ్డాణానికి ఇంకో బిళ్ళ అతికించమని ఆచారికి చెప్పినావా, లేదంటే ఈసారి కూడా ఊపిరి బిగబట్టుకోనే భోంచేస్తావా?"

బయట నిలబడి నేను నవ్వు ఆపుకోవడానికి తాళాల గుత్తి గట్టిగా పట్టుకునేదాన్ని.

ముహూర్తాలు లేని నెలల్లో మాత్రం కింద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఫ్యాను తిరుగుతుండేది. ఆ పెట్టెలన్నీ గోడల్లో తలలు పెట్టుకుని నిద్రపోతున్నట్టుండేవి. నేనూ సగం నిద్రలోనే ఉండేదాన్ని. పెరుగన్నం డబ్బా మూత తీసినా పెద్ద చప్పుడైనట్టు అనిపించేది. అలాంటప్పుడు కూడా వచ్చేది ఒక్క ఆవిడే. ముహూర్తం ఉన్నా లేకపోయినా, ప్రతి శుక్రవారం.

పెద్దావిడ. పాత ఊరి వైపు, తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు వ్యాపారుల ఇల్లు వాళ్ళది. భర్త పోయాడు. ఎప్పుడూ లేత రంగు నూలు చీర, మెడలో దారంలాంటి గొలుసు, నుదుట విభూతి. ముందు అమ్మవారి గుడికి వెళ్ళి, ప్రసాదం పూలు చేతిరుమాల్లో చుట్టుకుని, అక్కడినుంచి ఆటోలో ఇటు వచ్చేది. ఇంట్లో వాళ్ళకి తెలిసింది గుడి వరకే. నన్ను బ్యాంకమ్మా అని పిలిచేది.

"బ్యాంకమ్మా, ఈ పొద్దు ఎవురన్నా వస్తారా?"

"ఎవురూ రారు పెద్దమ్మా. ముహూర్తం లేదు కదా."

"అట్లైతే ఒక గంట కూర్చుంటా."

నా తాళం తిప్పేదాన్ని, ఆమె తన తాళం తిప్పేది, పెట్టె తీసుకుని అద్దం గదిలోకి వెళ్ళి తెర లాగేసుకునేది. ముందు చేతులకి వంకీలు. తరవాత మెడకి అడ్డిగ. ఆఖరున వడ్డాణం. దాని మర వదులైపోయి, బిగించేటప్పుడు టిక్కు టిక్కుమనేది. ఆ తరవాత ఏ చప్పుడూ ఉండేది కాదు. చాలాసేపు. ఒక్కోసారి సన్నగా కూనిరాగం వినిపించేది, మాటల్లేకుండా. ఆ రాగం వింటుంటే నేలమాళిగ మెల్లగా పడవలా ఊగుతున్నట్టుండేది నాకు. గంటయ్యాక అన్నీ తీసేసి, పెట్టె యథాస్థానంలో పెట్టించి, ఆటోలో వెళ్ళిపోయేది.

ఒక శుక్రవారం తెర వెనక నుంచి పిలిచింది.

"బ్యాంకమ్మా, ఇట్ల రా. కొక్కెం పట్టలే. వేళ్ళు మొద్దుబారిపోయినాయి."

"నేను లోపలికి రాకూడదు పెద్దమ్మా."

"కండ్లు మూసుకోని రా. కొక్కెం తగిలించేదానికి కండ్లతో ఏం పని?"

వెళ్ళాను. కళ్ళయితే మూసుకోలేదు గానీ మెడ వెనక తప్ప ఇంకేమీ చూడలేదు. సన్నటి తెల్ల వెంట్రుకలు, వాటిలో చిన్న మల్లెదండ ముక్క. గుడి ప్రసాదం పూలు ఇక్కడ తలలో పెట్టుకుంటోందని అప్పుడే తెలిసింది. కొక్కెం తగిలిస్తుంటే ఆమె అద్దంతో మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయింది.

"మా అమ్మ పెట్టినవి ఇవన్నీ. మా ఆయన పోయినాక పెద్దోళ్ళంతా చేరి ఒకొకటే తీసినారు. కఠినంగా ఏమీ తియ్యలా. మెల్లగా, చెట్టు మీంచి పూలు కోసినట్ల తీసినారు. అందుకే ఏమనేదానికీ నోరు రాలా నాకు. సన్న గొలుసు ఉండనీలే అన్నారు. అంతా మంచోళ్ళే."

"ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుంది పెద్దమ్మా? కాలం మారింది కదా."

"కాలం మారింది. మా ఇంటి గడప మారలా. నా కోడలు చూస్తే ఏమనుకుంటది? ముసిల్దానికి ఈ వయసులో సోకులు అనుకుంటది. అనుకోకపోయినా, అనుకుంటదేమో అని నాకుంటది గదా. ఈడైతే అద్దం ఒకటే చూసేది. అది ఎవురికీ చెప్పదు."

అప్పుడర్థమైంది నాకు. ఆ పెద్ద ఇంట్లో, అన్ని గదుల్లో, ఆమెది అని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. మిగిలింది మా నేలమాళిగలో ఈ ఒక్క గంట. ఇది పోతే ఆమె తనకి తాను కనపడే చోటు ఇంకొకటి లేదు.

"రొంబ పావం అవ్వా."

పాపమేమీ లేదు. మెట్లెక్కి వెళ్ళేటప్పుడు ఆమె మొహం చూసుంటే నువ్వా మాట అనవు.

ఆ లాకరు అత్తాకోడళ్ళిద్దరి పేరా ఉండేది. ఇద్దరి దగ్గరా తలో తాళంచెవి, ఎవరొచ్చినా తెరవచ్చు. కోడలూ చిన్నదేమీ కాదు, తలలో నెరుపు మొదలైన మనిషే. వ్యాపారం లెక్కలన్నీ ఆవిడే చూసుకునేది. ఎప్పుడొచ్చినా ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే దిగేది. ఒకసారి, పుట్టింటివాళ్ళ పెళ్ళికని, మంగళవారమో బుధవారమో వచ్చింది. తెర వెనక్కి వెళ్ళింది. ఫోను మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. కాసేపటికి తెర తోసుకుని బయటికొచ్చి, నా ముందు అరచెయ్యి చాపింది. అరచేతిలో ఒక మల్లెమొగ్గ. కొంచెం వాడింది గానీ ఇంకా తెల్లగానే ఉంది.

"మేడమ్, ఇది అడ్డిగకి చిక్కుకోనుండె. మేము ఈ నగ లోపల పెట్టింది ఉగాదికి ముందు. ఇంతకాలం మల్లెపూవు వాడకుండా ఉంటుందా?"

"ఈడ చల్లగా ఉంటుంది కదమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. పువ్వుని వాసన చూసింది.

"ఆమా, చల్లగానే ఉంది" అంది.

ఆ మొగ్గని పారెయ్యలేదు. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఇంకేమైనా అడుగుతుందని చూశాను. అడగలేదు. పై శుక్రవారం పెద్దావిడకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని వారమంతా ఆలోచించాను. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకపోవడమే కదా నా ఉద్యోగం. చెప్పలేదు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒక పొద్దున్న తాళం తీసి దిగుతుంటే ఆఖరి మెట్టు కనపడలేదు. దాని చోట నీళ్ళు, అద్దంలా కదలకుండా ఉన్నాయి. లైటు వేస్తే లాకర్ల వరసలన్నీ ఆ నీళ్ళలో తలకిందులుగా కనిపించాయి. నేను అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాను. భయపడాల్సింది పోయి, ఎంత బాగుందో అనుకున్నాను. ఆ పెట్టెలన్నీ తెరుచుకుని, వడ్డాణాలూ జడబిళ్ళలూ చేపల్లా బయటికి ఈదుకొస్తాయని, తెరల మధ్య తిరుగుతాయని అనిపించింది. తరవాత ఎన్నోసార్లు కలలో అలాగే వచ్చాయి కూడా.

అప్పటి మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చినతను. ప్యాంటు మడిచి మెట్ల మీద నిలబడి తల పట్టుకున్నాడు.

"మేడమ్, ఈసారి ఒక్క మెట్టు దాక వచ్చినయ్. మల్లొచ్చే వానకు లాకర్లలకు వస్తే కస్టమర్లకు ఏం జెప్తం? కింద మొత్తం బంద్ చేసుడే."

"కొత్త చోట అద్దం గది ఉంటుందా సార్?"

"అద్దం గదా? ఎందుకు మేడమ్, ఇప్పుడు అందరి ఫోన్లల్ల అద్దమున్నది."

అతన్ని తప్పు పట్టేదేముంది. నీళ్ళు తోడించి, బ్యాంకు అందరికీ కబురు పెట్టింది. కావలసినవాళ్ళకి వేరే బ్రాంచిలో లాకరు ఇస్తామని, వద్దనుకున్నవాళ్ళు ఫలానా శుక్రవారంలోగా ఖాళీ చేసుకోమని. పెద్దావిడ ఇంట్లో వాళ్ళు నగలు ఇంటికి తెచ్చుకోవాలనుకున్నారు. ఆ మాట ఆమే చెప్పింది, అద్దం గదిలోకి వెళ్ళే ముందు నా బల్ల దగ్గర కూర్చుని.

"కొత్త ఇనప బీరువా తెచ్చినారు. కోడలి గదిలో పెట్టినారు. తాళం కూడా ఆమె దగ్గరే. బలే గట్టి మరలంట, ఏనుగు తోసినా రాదంట."

"మరి మీరు పెద్దమ్మా?"

"నాకేమి? శుక్రవారానికి గుడి ఉంది గదా."

నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ రోజు లోపలికి వెళ్ళాక వడ్డాణం చప్పుడు వినపడలేదు. వంకీలు పెట్టుకుని, అంతటితో మానేసినట్టుంది.

ఆఖరి శుక్రవారం వచ్చింది. అప్పటికి సగం పెట్టెలు ఖాళీ. తలుపులు తెరిచి వదిలేసిన లాకర్లు పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. లాకరు ఖాళీ చేయడానికి సాయంత్రం వస్తానని కోడలు ఫోన్ చేసి చెప్పింది. పెద్దావిడ ఎప్పటిలాగే మధ్యాహ్నమే వచ్చింది, చేతిరుమాల్లో పూలతో. "ఈ పొద్దు అన్నీ పెట్టుకుంటా బ్యాంకమ్మా" అని తెర లాగేసుకుంది.

ఆమె లోపలికెళ్ళి కొంచెంసేపే అయింది, మెట్ల మీద చెప్పుల చప్పుడు. కోడలు. చేతిలో పెద్ద సంచి. ఫోను లేదు.

"మేడమ్, సాయంత్రం వాన వస్తుందన్నారు. ఇప్పుడే తీసుకుపోదామని వచ్చినా."

"లోపల ఒకరున్నారమ్మా. కాసేపు కూర్చోండి" అన్నాను. ఇంకేం చెప్పను?

కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు తెర వెనక నుంచి, టిక్కు టిక్కు.

కోడలు తలెత్తింది.

"అది మా వడ్డాణం" అంది, మెల్లగా. "దాని మర పోయింది నా పెండ్లిలోనే. బాగు చేయిద్దామంటే మా అత్త ఎప్పుడూ చేయించనీలే."

ఆమె లేచి లోపలికి పోతుందనుకున్నాను. పోలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి మడుస్తూ విప్పుతూ అలాగే కూర్చుంది. తెర వెనక కూనిరాగం మొదలైంది. ఇద్దరం విన్నాం. ఎంతసేపో తెలియదు. పైన రోడ్డు మీద వేరే లోకం ఏదో నడుస్తున్నట్టుంది. రాగం ఆగాక ఆమె నా వైపు చూసింది.

"పోనా?" అంది.

"లాకరు మీది కూడా అమ్మా" అన్నాను.

తెర ఉంగరాలు కదిలాయి. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను, ఎప్పటిలాగే. కాబట్టి నేను విన్నదే నీకు చెప్పగలను.

తరవాత కోడలి గొంతు.

"ఎడమ చేతి వంకీ తిరగేసి పెట్టుకోనుండారు అత్తా."

"అద్దంలో సరిగ్గానే కనపడె."

"అద్దం ముందర ఒక్కరే కూర్చుంటే అన్నీ సరిగ్గానే కనపడతాయి. చెయ్యి ఇట్లియ్యండి."

గాజులు కదిలాయి.

"సాయంత్రం కదా వస్తానంటివి?"

"మీరు గుడికి కదా పోతానంటిరి?"

"గుడికి పోయినాకే ఈడికొచ్చినా. అబద్ధం చెప్పలా నేను."

"సగం చెప్పినారు."

"మిగతా సగం నువ్వు అడగలా."

కోడలు నవ్వింది. ముందు ముక్కుతో, తరవాత గట్టిగా.

"శుక్రవారం ఇంటికొస్తూనే అన్నం రెండో తూరి పెట్టించుకుంటారు మీరు. గుడికి పోయొస్తే అంత ఆకలి ఎట్లేస్తుందబ్బా అనుకుంటి. మల్లెమొగ్గ దొరికిన్నాడు తెలిసిపోయె."

"తెలిసి కూడా అడగలేదే నన్ను?"

"అడిగితే మానేస్తారని."

ఎవరో ముక్కు చీదుకున్నారు. ఎవరో తెలియదు.

"ఇప్పుడు మానాల్సిందే గదా" అంది పెద్దావిడ. "బీరువా నీ గదిలో."

"ఉంటే ఏమి? శుక్రవారం అడగండి, తీసిస్తా. తలుపేసుకోని మీ ఇష్టమొచ్చినంతసేపు కూర్చోండి."

"అడిగి పెట్టుకుంటే అది ఎరువు సొమ్ము. ఎరువు సొమ్ము బరువు చేటు. ఇవి మా అమ్మ నాకు పెట్టినవి. ఒకరినడిగి నేనెప్పుడూ పెట్టుకోలా. ఇప్పుడూ అడగను. నువ్వే ఉంచుకో."

నా చేతిలో తాళాల గుత్తి చప్పుడు చేస్తుందేమోనని కొంగులో చుట్టేసుకున్నాను. అప్పుడు కోడలు అంది.

"అయితే తాళం మీరే ఉంచుకోండి."

"నీ నగలు కూడా అందులోనే గదా ఉంటాయి?"

"ఉంటాయి. పెండ్లిళ్ళప్పుడు నేనే మిమ్మల్ని అడుగుతా."

"ఇయ్యకపోతే?"

"శుక్రవారాల సంగతి మీ కొడుకుతో చెప్తా."

"గడుసుదానివే నువ్వు."

"ఆ ఇంట్లో మీ కింద ఇన్నేళ్ళుంటి. కొంచెమన్నా అబ్బదా?"

పెద్దావిడ ఏదో గొణిగింది, వినపడలేదు. టిక్కుమని ఒక్క చప్పుడు. వడ్డాణం విప్పబోతున్నట్టుంది.

"తియ్యొద్దు" అంది కోడలు. "అట్లే ఉండనీండి."

"పిచ్చా నీకు? నడిరోడ్డు మీదనా?"

"సంచిలో పెట్టుకోని పోతే బైకు మీద ఎవడన్నా లాక్కోని పోతాడు. ఒంటి మీదుంటే భద్రం. మిగతావి నేను పెట్టుకుంటా. సంచిలో దువ్వెన వేసుకుందాం."

"నూలు చీర మీద వడ్డాణం పెట్టుకోని పోతే చూసేవాళ్ళు నవ్వరా?"

"నవ్వితే నేనూ నవ్వుతా వాళ్ళతో. కదలండి."

తెర తొలగింది. అప్పుడు తిరిగాను. ఇంక లాకరు లేదు, కస్టమరు లేదు, కాబట్టి చూడొచ్చనుకున్నాను. లేత నీలం నూలు చీర మీద ఎర్రటి కెంపులు. నడుముకి వడ్డాణం కొంచెం వదులుగా ఉంది, మనిషి చిక్కిపోయింది కదా. అన్ని నగల మధ్య ఆమె మొహం మాత్రం అప్పుడే నిద్ర లేచినదానిలా ఉంది. పక్కన కోడలు, ఆఫీసుకెళ్ళే చుడీదార్ మీద కాసులపేరు వేసుకుని. తన తాళంచెవి నా చేతిలో పెట్టి పెద్దావిడ నా చెంప నిమిరింది.

నేనూ వాళ్ళ వెనకే మెట్లెక్కాను. చల్లదనం అయిపోయి వేడి మొదలయ్యే మెట్టు దగ్గర పెద్దావిడ ఆగిపోయింది.

"తెలిసినోళ్ళు ఎవురన్నా ఎదురుపడితే?"

"దండం పెట్టండి."

గాజు తలుపు నేనే తీసి పట్టుకున్నాను. వాళ్ళిద్దరూ ఎండలోకి దిగారు. నేను తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాను. సంచులు మోసుకుంటూ ఆడవాళ్ళు వాళ్ళని రాసుకుంటూ వెళ్ళారు. కాలేజీ పిల్లలు మొక్కజొన్న తింటూ వెళ్ళారు. జడ క్లిప్పులమ్మేవాడు నగలన్నిటినీ దాటేసి జుట్టు వైపు చూసి, "క్లిప్పు, క్లిప్పు" అన్నాడు. ఒక్కళ్ళు తల తిప్పి చూడలేదు. ఆ వీధిలో బంగారం అంత మామూలు.

"ఒకరూ చూళ్ళేదే" అంది పెద్దావిడ. అది ఊరటో ఫిర్యాదో నాకు తెలియలేదు.

కోడలు వచ్చిన కారు ఎక్కడో జనంలో ఇరుక్కుపోయింది. వాళ్ళు నడక మొదలుపెట్టారు. నాలుగు అడుగుల అవతల పెద్ద పట్టుచీరల కొట్టు. దాని ముందు నిలబడి పిలిచేవాడు ఈవిడ వడ్డాణం చూశాడు. చూసింది వాడొక్కడే. చేతులు జోడించి దారికి అడ్డం వచ్చాడు.

"వాంగమ్మా, వాంగ. పెండ్లా? ముహూర్తం పట్టు పైన అంతస్తులో ఉంది."

పెద్దావిడ ఆగింది. కొంగు సర్దుకోబోయి మానేసింది.

"పెండ్లేమీ లేదు నాయనా. ఈ పొద్దు శుక్రవారం, అంతే."

"శుక్రవారమైతే ఇంకా మంచిదమ్మా, రండి" అని వాడు తలుపు తీశాడు.

కోడలు గడియారం చూపించి ఏదో అంటోంది. కారు వస్తుందనో, వాన వస్తుందనో. పెద్దావిడ వినిపించుకోలేదు. అప్పటికే ఆమె లోపల ఉంది, మెట్లు ఎటువైపని వాణ్ణే అడుగుతోంది.